ధోల్ ఎవరి మాట? రేచుకుక్క పేర్ల ఆరా

రేచుకుక్క అని, అడవికుక్క అని మనం పిలిచే జంతువును ఆంగ్లంలో 'ధోల్' అంటారు. ఈ మాట ఎక్కడిదని మెరియం–వెబ్‌స్టర్ నిఘంటువును అడిగితే, కన్నడంలోని 'తోళ' నుంచి వచ్చి ఉండవచ్చని చెబుతుంది. తోళ అంటే తోడేలు. బెంగళూరులో స్థిరపడిన తెలుగువారికి ఈ వివరణ వినగానే నచ్చేస్తుంది. తోళ పక్కన తోడేలును నిలబెడితే పోలిక ఇట్టే కనిపిస్తుంది. ప్రపంచమంతా వాడే ఒక జంతునామానికి అటు ఉంటున్న ఊరి భాషతోనూ, ఇటు ఇంటి భాషతోనూ చుట్టరికం కలుస్తుంది. పైగా ఆ జంతువు తిరిగే అడవులు కూడా దూరమేమీ కాదు. బండీపుర, నాగరహొళె సెలవు రోజుల్లో వెళ్లి రాగలిగినంత దగ్గర. బన్నేరుఘట్ట అయితే నగరం అంచునే మొదలై దక్షిణంగా కావేరి వైపు సాగుతుంది.

ఇంత ముచ్చటైన వివరణ కాబట్టే దాన్ని కాస్త అనుమానంతో చూడాలి. నిఘంటువు 'ఉండవచ్చు' అన్నచోట, దాన్ని ఎత్తి చెప్పేవారు 'ఉండవచ్చు'ను జారవిడిచి 'కన్నడ మాట' అని తేల్చేస్తారు. ఒక మాట పుట్టుక గురించి ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు మూడు విషయాలు చూడాలి: ధ్వని కుదురుతోందా, అర్థం కుదురుతోందా, ఆ మాట మొదట వినిపించిన చోటు కుదురుతోందా. మొదటి రెండూ చాలామంది చూస్తారు. మూడోది సాధారణంగా మరిచిపోతారు. ధోల్ విషయంలో చిక్కంతా ఆ మూడోదానిలోనే ఉంది.

ముందుగా జంతువు సంగతి. రేచుకుక్క ఎర్రటి ఒళ్లు, గుండ్రటి చెవులు, కుచ్చులాంటి నల్లటి తోక ఉన్న మృగం. బరువు సుమారు 12 నుంచి 20 కిలోల వరకు ఉంటుంది. ఒంటరిగా చూస్తే ఊరకుక్క కంటే పెద్దదేమీ కాదు. గుంపుగా వేటాడి దుప్పిని, కణుజును పడగొడుతుంది. మొరగడం దీని పద్ధతి కాదు. చెదిరిపోయిన గుంపును కూడగట్టుకోవడానికి ఈల వేస్తుంది. ఆంగ్లేయ వేటగాళ్లలో కొందరు దీన్ని 'ఈల వేసే కుక్క' అన్నది అందుకే. కుక్కలకు, తోడేళ్లకు కింది దవడలో ఒక్కో వైపు మూడు విసురుదంతాలు ఉంటే దీనికి రెండే ఉంటాయి. మొత్తం పళ్లు 42కు బదులు 40. అందుకే శాస్త్రవేత్తలు దీన్ని కుక్క, తోడేలు ఉన్న ప్రజాతిలో కలపకుండా వేరుగా ఉంచారు.

ఇక ధ్వని. తోళ, తోడేలు ఒకే కుదురు మాటలన్నదానికి గట్టి ఆధారమే ఉంది. కన్నడంలో 'ళ' వచ్చే కొన్ని మాటల్లో తెలుగులో 'డ' వస్తుంది. కన్నడ 'ఏళు' తెలుగులో 'ఏడు'. కన్నడ 'కోళి' తెలుగులో 'కోడి'. తమిళంలో ఈ రెండింటిలోనూ, ఆంగ్లంలో 'zh' అని రాసే 'ழ' ధ్వని నిలిచి ఉంది. తోళ–తోడేలు జత కూడా ఈ వరుసలో ఇమిడిపోతుంది. కొసనున్న 'ఏలు' సంగతి వేరే చర్చ. బెంగళూరు బడుల్లో చదివే తెలుగు పిల్లలకు ఈ రెండు మాటల మధ్య మరో తమాషా కూడా ఎదురవుతుంది. అబద్ధపు కేకలు పెట్టిన గొర్రెల కాపరి పిల్లవాడి కథ కన్నడంలో 'తోళ బంతు తోళ'. అదే కథ తెలుగు ఇంట్లో 'నాన్నా పులి'. ఒకే గొర్రెల మంద మీదికి ఒక భాషలో తోడేలు, మరో భాషలో పులి వచ్చి పడుతుంది.

అయితే తోళ–తోడేలు బంధుత్వం రుజువైనంత మాత్రాన తోళ–ధోల్ బంధుత్వం రుజువైనట్టు కాదు. ఈ రెండింటినీ కలగలపడం వల్లనే ఈ వివరణకు లేని బలం వచ్చింది. ఆంగ్లేయులు మన దేశపు మాటలను ఎలా విని ఎలా రాసుకున్నారో చూస్తే సంగతి తేటపడుతుంది. తోపు వారి నోట 'టోప్' అయింది. టేకు 'టీక్' అయింది. తాటి చెట్టు నుంచి తీసే తాడీ 'టాడీ' అయింది. దంత్యమైన 'త' అయినా, మూర్ధన్యమైన 'ట' అయినా వారి లిపిలో దాదాపు ఎప్పుడూ ఒకే అక్షరంగా దిగింది. ఈ లెక్కన తోళ 'టోల్' కావాలి. 'ధ' అనే అక్షరం ఎక్కడి నుంచి ఊడిపడింది? ఆంగ్లేయులు 'dh' అనే జంట అక్షరాలను ధోతీ లాంటి మాటల్లోని నిజమైన ధకారానికి వాడారు. ఒక్కోసారి పప్పుకు వాడే 'దాల్' లాంటి మాటల్లోని ఉత్త దకారానికి కూడా వాడారు. తకారానికి వాడిన దాఖలా మాత్రం సులువుగా దొరకదు.

ఇక్కడ అవతలి పక్షానికి కూడా న్యాయం చెయ్యాలి. తెలుగు 'పందికొక్కు' ఆంగ్లంలో 'బ్యాండికూట్' అయింది. ఇది ఊహ కాదు. యూల్, బర్నెల్ 1886లో అచ్చు వేసిన 'హాబ్సన్–జాబ్సన్' నిఘంటువు దగ్గర నుంచి అందరూ ఒప్పుకున్న సంగతి. అక్కడ 'ప' కాస్తా 'బ' అయింది. పరుషం సరళంగా మారిపోయింది. పందికొక్కులో జరిగింది తోళలో ఎందుకు జరగకూడదని అడిగితే, జరగకూడదన్న నియమం ఏమీ లేదు. కాబట్టి ధ్వని విషయంలో తోళ ఓడిపోలేదు, కానీ గెలిచిందని చెప్పడానికీ లేదు. ఆ పందికొక్కు మాట తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, ఎలుక జాతికి ఏ సంబంధమూ లేని, కడుపు సంచిలో పిల్లలను మోసే మరో అడవి జంతువుకు పేరై కూర్చుంది. పేర్లు ఒక జంతువు నుంచి మరో జంతువుకు ఎంత తేలికగా మారతాయో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అర్థం సంగతి ఇక్కడే వస్తుంది. తోళ అంటే తోడేలు, రేచుకుక్క కాదు. కన్నడంలో ఈ రెండింటికీ వేరువేరు పేర్లు ఉన్నాయి. తోడేలు బయలు భూముల జంతువు. ముళ్లపొదలు, మెట్ట పొలాలు, కురుబల గొర్రెల మందలు తిరిగే బీళ్లు దాని తావు. రేచుకుక్క చెట్ల నీడ, నీటి వసతి ఉన్న అడవిని నమ్ముకుని బతుకుతుంది. తోడేలు గొర్రెల కాపరికి శత్రువు, ఊరివారికి తెలిసిన దొంగ. రేచుకుక్కను చూడాలంటే అడవిలోకి వెళ్లాలి. కన్నడంలో దీనికి 'సీళునాయి', 'కాడునాయి', 'కెన్నాయి' వంటి పేర్లు స్థిరంగా ఉన్నాయి. వాటిని కాదని ఒక కన్నడ వేటగాడు దొరకు దీన్ని తోళ అని చూపించి ఉంటాడా అన్నది అనుమానమే.

అనుమానమే గానీ అసాధ్యం కాదు. పొరుగున ఉన్న మలయాళాన్ని చూడండి. తమిళంలో 'సెన్నాయ్' అంటే రేచుకుక్క. అదే మాట మలయాళంలో 'చెన్నాయ'గా ఉంది, కానీ అక్కడ దాని అర్థం తోడేలు. రేచుకుక్కను మలయాళీలు 'కాట్టునాయ' అంటారు. కేరళ తడి అడవుల్లో తోడేలు పెద్దగా కనిపించదు. కళ్లెదుట లేని జంతువుకు పక్క జంతువు పేరు అంటుకోవడంలో వింత లేదు. అంటే తోడేలుకు, రేచుకుక్కకు మధ్య పేర్లు చేతులు మారిన సందర్భం దక్షిణాదిలోనే ఉంది. (చెన్నై నగరం పేరుకూ ఈ చెన్నాయకూ ఏ సంబంధమూ లేదు. ధ్వని పోలిక ఒక్కటే చూసి పేర్లను ముడిపెట్టేవారికి ఇది మంచి హెచ్చరిక.)

ఇప్పుడు అసలు చిక్కు. ధోల్ అన్న మాటను ఆంగ్లంలో మొదట రాసినవారిలో థామస్ విలియమ్సన్ అనే సైనికుడు ఉన్నాడు. 19వ శతాబ్దం తొలి దశకంలో, సుమారు 1808 నాటికి, వేట గురించి రాస్తూ ఈ జంతువును తాను రామ్‌గఢ్ జిల్లాలో చూశానని, స్థానికులు దీన్ని ధోల్ అంటారని చెప్పాడు. ఆనాటి రామ్‌గఢ్ ఛోటా నాగపూర్ పీఠభూమి మీది ప్రాంతం, నేటి ఝార్ఖండ్. అక్కడ కన్నడం మాట్లాడేవారు లేరు. ముండా భాషలు, హిందీకి దగ్గరి మాండలికాలు, ఒరావుల కురుఖ్ అక్కడి భాషలు. కురుఖ్ ద్రావిడ భాషే కదా అని ఒక తోవ వెతుక్కోవచ్చు. కానీ తోళ అన్నది ప్రత్యేకంగా కన్నడ రూపం. ద్రావిడ కుటుంబమన్న ఒక్క కారణంతో ఆ రూపాన్ని వెయ్యి మైళ్లు మోసుకుపోయి ఝార్ఖండ్‌లో దించడం కుదరదు. బెంగళూరు పక్కనున్న అడవిలో పుట్టిందని చెబుతున్న మాట మొదటిసారి రామ్‌గఢ్‌లో వినిపించడానికి కారణం చెప్పనంత వరకు తోళ వాదం గాలిలోనే ఉంటుంది.

విలియమ్సన్ తరువాత ఈ మాటను పట్టుకున్నవాడు ఛార్లెస్ హామిల్టన్ స్మిత్ అనే ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రవేత్త. 1827లో ఆయన ఇది 'తూర్పు దేశాల్లో పలుచోట్ల' వినిపించే మాట అని రాశాడు. తూర్పు అంటే ఎక్కడి తూర్పో, ఏ భాషో చెప్పలేదు. మరో రెండేళ్లకు తుర్కీ భాషలో పిచ్చి అనే అర్థమున్న 'దెలి'తో ముడిపెట్టి, దాన్ని జర్మన్, డచ్ మాటలతో కూడా కలిపాడు. ఆ కలిపింది తప్పని తరువాతి భాషావేత్తలు తేల్చారు. ఆ జర్మానిక్ మాటల కుదురు వేరు. ఆ కాలంలో ఇలాంటి ముడులు వెయ్యడం పండితులకు ఒక వినోదం. ఇందులో ఇంకా తవ్వవలసిందేమీ లేదు.

స్మిత్ తరువాత ఇంచుమించు ఎనభై ఏళ్లకు రిచర్డ్ లైడెకర్ అనే జంతుశాస్త్రవేత్త ఒక చిన్న వాక్యంతో మొత్తం వ్యవహారాన్ని తలకిందులు చేశాడు. ఈ జంతువు తిరిగే ప్రాంతాల్లోని జనం ధోల్ అన్న మాటను వాడరని ఆయన రాశాడు. విలియమ్సన్ వాడతారన్నాడు, లైడెకర్ వాడరన్నాడు. ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్పారని అడగడం వృథా. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. మధ్యలో దాదాపు వంద ఏళ్లు గడిచాయి. ఒక జిల్లాలో, ఒక కులం వేటగాళ్ల నోట ఉన్న మాట వంద ఏళ్లలో మాసిపోవడం అరుదేమీ కాదు. లేదా విలియమ్సన్ విన్న ధ్వనికీ కాగితం మీద పెట్టిన అక్షరాలకూ మధ్య చాలా దూరం ఉండి ఉండవచ్చు.

ఆ రెండో అవకాశం ఎంత బలమైనదో మన తెలుగు పేరుకు పట్టిన గతిని చూస్తే తెలుస్తుంది. 19వ శతాబ్దపు ఆంగ్ల జంతుశాస్త్ర గ్రంథాల్లో ఈ జంతువు దేశీయ నామాల పట్టిక ఉంటుంది. తెలుగు పేర్లుగా అందులో రాసినవి 'రెజా కుట్టా', 'అడవి కుట్టా'. తెలుగులో కుక్కను కుత్తా అనే ఊరు ఎక్కడుంది? అడవి తెలుగు, కుట్టా హిందుస్తానీ. రెజా అన్నది రేచు అయి ఉండాలి. దీన్నిబట్టి ఆ పేరు తెలుగు మనిషి నోటి నుంచి దొర చెవికి నేరుగా చేరలేదని ఊహించవచ్చు. మధ్యలో హిందుస్తానీ మాట్లాడే షికారీయో, గుమాస్తాయో, పటాలం నౌకరో నిలబడి కుక్కను తన భాషలోకి మార్చి అందించి ఉంటాడు. వింటున్నవారికి తేడా తెలియలేదు, అచ్చయిపోయింది. మనకు తెలిసిన భాషలోనే ఇంత జరిగినప్పుడు, రామ్‌గఢ్ కొండల్లో ఏ మాట ఏ రూపంలో ధోల్ అయి కూర్చుందో ఆ ఐదు ఆంగ్ల అక్షరాలను (dhole) మాత్రమే చూసి వెనక్కి నడవడం సాధ్యం కాదు. హిందీలో ఢోల్ అంటే డోలు. ఈల వేసే జంతువుకు డోలు పేరు పెట్టరు గానీ, చెవికి మాత్రం అది కూడా తోళకంటే దగ్గరే.

మరి ధోల్ దక్కన్ మాట అన్న నమ్మకం ఎలా బలపడింది? ఇందులో రడ్యార్డ్ కిప్లింగ్ చెయ్యి కొంత ఉండవచ్చు. 1895లో వచ్చిన రెండో 'జంగిల్ బుక్'లో ఎర్ర కుక్కల దండు కథ ఒకటి ఉంది. ఆ దండు దక్కన్ నుంచి ఉత్తరంగా దండెత్తి వస్తుంది. దాన్ని ఆయన ధోల్ అన్నాడు. అంతకు ముందు వేట పుస్తకాలకు, జంతుశాస్త్ర పట్టికలకు పరిమితమైన మాట ఆ కథతో ఆంగ్లం చదివే ప్రతి ఇంటికీ చేరింది. జంతువు దక్కన్‌దని కథ చెబితే మాట కూడా దక్కన్‌దే అయి ఉంటుందని పాఠకుడు అనుకోవడం సహజం. దక్కన్‌లో వెతికితే తోళ దొరుకుతుంది.

ఇవన్నీ కలిపి చూస్తే ధోల్ కన్నడ మాట అని నిర్ధారించడానికి ఆధారాలు చాలవు. ధ్వని సగం, అర్థం సగం కుదిరాయి. చోటు అసలే కుదరలేదు. నిఘంటువులోని 'ఉండవచ్చు' దగ్గరే ఆగడం మంచిది. బెంగళూరు తెలుగువారికి ఇది కొంచెం నిరాశ కలిగించే తీర్పే. కానీ ఈ జంతువుకు మన భాషల్లో ఉన్న పేర్లు ధోల్ కంటే ఎన్నో రెట్లు అర్థవంతమైనవి. ఐదు అక్షరాల ఆంగ్ల చిక్కుముడి మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా వాటి మీద ఎవరూ పెట్టలేదు.

తమిళ సెన్నాయ్ అంటే ఎర్ర కుక్క. 'సెం' అంటే ఎరుపు, 'నాయ్' అంటే కుక్క. ఆ 'సెం' తెలుగులో చెందామర, చెంగలువ వంటి మాటల్లో 'చెం'గా ఉంది. కన్నడంలో అదే 'కెం' అవుతుంది, అందుకే అక్కడ కెన్నాయి. ఈ రెండూ రంగును చూసి పెట్టిన పేర్లు. హిందీలో 'సోనకుత్తా', అంటే బంగారు కుక్క. అదే రంగును మరో చూపుతో చూసింది. కన్నడ సీళునాయి రంగును వదిలేసి పనిని పట్టుకుంది. 'సీళు' అంటే చీల్చడం. తెలుగు 'చీలు' దానికి తోబుట్టువు. రేచుకుక్కల గుంపు పులిలా గొంతు పట్టి చంపదు. వెంటాడి అలిసిపోయిన జంతువును పొట్ట దగ్గర చీల్చి, ప్రాణం పోయేలోపే తినడం మొదలుపెడుతుంది. ఒకసారి కళ్లారా చూసినవారికి రంగు గుర్తుండదు, చీల్చడమే గుర్తుంటుంది. ఆ పేరు పెట్టినవారు అది దగ్గర నుంచి చూసినవారే అయి ఉండాలి.

తెలుగు పేరు ఈ అన్నిటిలో సూక్ష్మమైనది. రేచుకుక్కలోని 'రేచు' ఏమిటి? తెలుగులో కొన్ని క్రియలు జతలుగా వస్తాయి. నీళ్లు కాగుతాయి, మనిషి కాచుతాడు. వస్తువు దాగుతుంది, మనిషి దాచుతాడు. త్రాసు తూగుతుంది, వర్తకుడు తూచుతాడు. కాగు–కాచు, దాగు–దాచు, తూగు–తూచు. ఆ వరుసలోదే రేగు–రేచు. దుమ్ము రేగుతుంది, కోపం రేగుతుంది, పొదలో పడుకున్న జంతువు రేగి లేస్తుంది. దాన్ని అలా లేపడం, కదిలించడం, ఉసిగొల్పడం రేచడం. నేటి తెలుగులో రేచుకు బదులు 'రేపు' ఎక్కువగా వినిపిస్తుంది. 'రెచ్చగొట్టు'లో ఆ కుదురు ఇంకా బతికే ఉంది. కాబట్టి రేచుకుక్క అంటే వేటను లేపి తరిమే కుక్క. రంగూ చెప్పలేదు, చీల్చడమూ చెప్పలేదు. వేట ఎలా మొదలవుతుందో చెప్పింది. పొదల్లోంచి జింకను కదిలించడం, పరిగెత్తించడం, దారి మళ్లించడం ఈ గుంపు అసలు విద్య. చంపడం ఆ తరువాతి సంగతి.

ఈ పేరుకు ఒక లోపం కూడా ఉంది. వేటకు రేచే పెంపుడు జాగిలాన్ని కూడా అదే మాటతో పిలవవచ్చు. మాటలో అడవి లేదు. బహుశా అందుకే కొన్నిచోట్ల 'అడవికుక్క' సమాంతరంగా నిలబడింది. అడవికుక్క స్పష్టమైన పేరే, కానీ చప్పనిది. ఊరికుక్క అడవిలోకి వెళ్లి స్థిరపడితే దాన్నీ అలాగే అనవచ్చు.

శాస్త్రనామానికి వస్తే, అందులో మరో రకం పొరపాట్లు పేరుకుపోయి ఉన్నాయి. 'క్యువాన్ ఆల్పైనస్' అనేది ఇప్పటి పేరు. క్యువాన్ గ్రీకులో కుక్క. ఆల్పైనస్ అంటే కొండలది. పీటర్ సైమన్ పల్లాస్ 1811లో సైబీరియా తూర్పు కొసన దొరికిన జంతువును బట్టి ఆ పేరు పెట్టాడు. ఆయనకు తెలిసిన జంతువు మంచుకొండలది. బండీపుర అడవిలో, నల్లమల రాళ్లలో, శేషాచలం లోయల్లో తిరిగేది కూడా ఆ పేరునే మోస్తోంది. 1831లో విలియం హెన్రీ సైక్స్ దక్కన్ పేరు మీద 'దుఖునెన్సిస్' అని మరో నామం ఇచ్చాడు. ముందు పెట్టిన పేరుకే చెల్లుబాటు అన్న నియమం వల్ల అది నిలవలేదు. నిలిచి ఉంటే దక్షిణాదికి శాస్త్రంలో ఒక గుర్తు మిగిలేది. ఖాట్మండూలో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న బ్రయన్ హాడ్జ్‌సన్ 1833లో 'ప్రైమీవస్' అన్నాడు, అంటే ఆదిమమైనది. లోకంలోని పెంపుడు కుక్కలన్నిటికీ మూలపురుషుడు ఇదేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు. పెంపుడు కుక్క తోడేలు సంతానం. అయితే ఇది కుక్కలకు వేరైన ప్రజాతి అని గుర్తించి 1838లో క్యువాన్ అన్న పేరు ఇచ్చింది కూడా ఆయనే. మూలపురుషుణ్ణి వెతికినవాడే చివరకు దానికి వేరింటి కాపురం పెట్టించాడు.

పేర్ల గొడవ ఇలా సాగుతుండగా జంతువుకు మాత్రం ఒకే పేరు మిగిలింది, 'చెడ్డ మృగం'. దుప్పులను, కణుజులను తినేసి తమ వేటకు అడ్డు వస్తోందని దొరలు దాన్ని చీడల జాబితాలో చేర్చారు. చంపి తెచ్చినవారికి బహుమతి సొమ్ము ఇచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా బహుమతులు సాగాయి. ఆ దృష్టిని మార్చినవారిలో ముందు చెప్పవలసిన పేరు ఎ.జె.టి. జాన్‌సింగ్. తమిళనాడుకు చెందిన ఆయన 1976–78 మధ్య బండీపురలో రేచుకుక్కల గుంపు వెంట తిరిగి, అవి ఎలా వేటాడతాయో, పిల్లలను గుంపంతా కలిసి ఎలా సాకుతుందో రాసి పెట్టారు. స్వేచ్ఛగా తిరిగే పెద్ద క్షీరదం మీద భారతీయ శాస్త్రవేత్త అడవిలో ఉండి చేసిన తొలి అధ్యయనాల్లో అది ఒకటి. ఆ తరువాత మైసూరు వైపు వన్యప్రాణి ఛాయాచిత్రకారులు కృపాకర్, సేనాని ఏళ్ల తరబడి ఈ గుంపులను కెమెరాతో వెంబడించారు. నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తోంది. లోకం మొత్తం మీద పిల్లలను కనే వయసున్నవి 949 నుంచి 2,215 వరకు మాత్రమే ఉంటాయని ఆ సంఘం 2015 అంచనా. విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల వీటి సంరక్షణ ప్రజనన కేంద్రంగా పనిచేస్తోంది.

తెలుగు పత్రికల్లో ఈ జంతువు పేరు ఇప్పుడు కనీసం నాలుగు విధాలుగా వస్తోంది. ధోల్, ఢోల్, డోల్ అన్న మూడు రూపాలు ఆంగ్ల వార్తల నుంచి దిగుతాయి. ఏది సరైనదని వాదించుకోవడం దండగ. మూల ధ్వని ఏదో తేలనప్పుడు ఒత్తు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఉండదు. నాలుగోది 'రేసుకుక్క'. ఇది రేచుకుక్క జనం నోట మారిన రూపం. చకారం సకారమవడం తెలుగులో కొత్త కాదు. కానీ రాతలో ఈ రూపం ఒక అపార్థానికి తలుపు తీస్తుంది. గుర్రప్పందేలు జరిగే బెంగళూరులో పెరిగిన పిల్లలు రేసు అనగానే పందెం అనుకుంటారు. పందెం కుక్కలు గొర్రెలను చంపడమేమిటని అడుగుతారు. రేచు అని రాస్తే ఆ తికమక ఉండదు, మాటలోని క్రియ కూడా బయటికి కనిపిస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. 'రేసుకుక్కల దాడిలో గొర్రెలు మృతి' అన్న వార్త అడవి ఛాయలు లేని మెట్ట గ్రామాల నుంచి కూడా వస్తుంటుంది. అలాంటి చోట్ల దాడి చేసినవి గుంపు కట్టిన ఊరకుక్కలై ఉండే అవకాశమే ఎక్కువ. గుంపుగా వచ్చి చీల్చింది కాబట్టి రేసుకుక్క అన్న పేరు అంటుకుంటుంది. ఆ పొరపాటు వార్తతో ఆగదు. అడవి జంతువు చంపిన పశువుకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, ఊరకుక్కలు చంపితే ఆ పద్దు వర్తించదు. కాపరి అడవి జంతువు పేరు చెప్పడానికి కారణం ఉంది. నష్టం అతనిది, అతన్ని తప్పు పట్టలేం. కానీ ఆ పేరు పదిసార్లు అచ్చయ్యాక, ఎన్నడూ ఆ పొలాల్లోకి రాని జంతువు మీద విషం పెట్టేంత కోపం పెరుగుతుంది. కాబట్టి వార్త రాసేవారు పేరు రాసేముందు కాపరిని మూడు ప్రశ్నలు అడగాలి. తోక నల్లగా, కుచ్చులా ఉందా? గుంపంతా ఒకే ఎరుపా, లేక మచ్చలవి, తెల్లవి కలిసి ఉన్నాయా? అవి మొరిగాయా, ఈల వేశాయా? మొరిగాయంటే, మచ్చలున్నాయంటే అది రేచుకుక్క కాదు. ఊరకుక్కలని రాయాలి.